దయ్యాల మేడలో తగవు

కాలిఫోర్నియా డిస్నీలాండులో దయ్యాల మేడ చూసొచ్చిన వాళ్ళని కదిపితే చాలు. "అబ్బే, భయమే వెయ్యలేదండీ!" అని పెదవి విరిచే వాళ్ళు కొందరు. "పసివాణ్ణి తీసుకెళ్ళాం, జడుసుకున్నాడు" అని నొచ్చుకునే వాళ్ళు మరికొందరు. ఇద్దరి మాటా నిజమేనంటాను నేను.

1969లో తెరిచిన ఈ మేడని తీర్చిదిద్దిన వాళ్ళలోనే ఆ తగవుంది. క్లాడ్ కోట్స్ భయపెట్టాలన్నాడు, మార్క్ డేవిస్ నవ్వించాలన్నాడు. అందుకే మనం కూర్చున్న బండి ముందుగా చీకటి వసారాల వెంట సాగుతుంది. దయ్యమన్నది కంటపడదు, మూసిన తలుపులు మాత్రం ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతాయి. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడే. చివర శ్మశానంలోనేమో దయ్యాలు పాటకచేరీ పెట్టుకుంటాయి. అక్కడ భయపడమంటే ఎలా?

అతుకు తెలుస్తూనే ఉంటుంది, కాదనను. కానీ నడుమనున్న విందు గది కోసం అదంతా క్షమించేశాను. గాజు మనుషుల్లాంటి జంటలు గిరగిరా నాట్యం చేస్తుంటాయి. కిటుకు పాతదే, 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన ప్రదర్శించినది. బొమ్మలు మనకి కనపడని చోట వెలుగులో తిరుగుతాయి. ఎదురుగా ఉన్న పెద్ద అద్దంలో వాటి నీడ పడుతుంది. రాత్రి రైలు కిటికీలో మన మొహం బయటి చీకట్లో తేలుతూ కనిపించదూ, అలాగన్నమాట.

"గుట్టు తెలిశాక ఇంకేం సరదా?" అంటారు. తెలిశాకే నేను రెండోసారి వరసలో నిలబడ్డాను.

బయటికొచ్చే ముందు అద్దంలో మన పక్కనే ఓ దయ్యం కూర్చున్నట్టు కనిపిస్తుంది. మా వారు కాస్త జరిగి చోటిచ్చారు!