జ్వలన ఉష్ణోగ్రత: పాఠ్యగ్రంథములో ఒక చిక్కు

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2008లో తొలిసారి ప్రకటించిన ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథములో దహనమును గురించి ఒక అధ్యాయమున్నది. దేశమంతట విద్యార్థులు అనేక సంవత్సరములు చదివిన పాఠమది. ఏ కనీస ఉష్ణోగ్రత వద్ద ఒక పదార్థము అంటుకొనునో అదియే దాని జ్వలన ఉష్ణోగ్రత అని అందులో చెప్పినారు. ఇంతవరకు బాగున్నది. ఆ వెంటనే, జ్వలన ఉష్ణోగ్రత మిక్కిలి తక్కువై, మంట సోకగానే తేలికగా అంటుకొనునవి సులభదాహ్య పదార్థములని చెప్పి, పెట్రోలు, ఆల్కహాలు, వంటగ్యాసులను ఉదాహరించినారు. చిక్కు ఇక్కడ వచ్చినది.

అంకెలను చూతము. వంటగ్యాసులోని ప్రొపేను జ్వలన ఉష్ణోగ్రత సుమారు 450 సెంటీగ్రేడు డిగ్రీలు, బ్యూటేనుది సుమారు 370. పెట్రోలుది సుమారు 280. కిరసనాయిలుదో సుమారు 210 మాత్రమే! గ్రంథములోని మాట ప్రకారము వంటగ్యాసు కంటె కిరసనాయిలే తేలికగా అంటుకొనవలెను. వంటింటిలో రెండింటిని వాడి చూచిన ఏ ఇల్లాలును దీనిని నమ్మదు. ఆమె అనుభవమే సరియైనది.

గ్రంథకర్తలు రెండు వేర్వేరు గుణములను ఒకటిగా కలిపివేసినారు. ద్రవమునకు మంట చూపగానే అంటుకొనవలెనన్న, దానిపై తగినంత ఆవిరి చేరియుండవలెను. అంత ఆవిరి చేరు కనీస ఉష్ణోగ్రతను ఇంజనీర్లు ఫ్లాష్ పాయింటు అందురు. పెట్రోలుకు ఇది సున్నకు దిగువన 40 డిగ్రీల ప్రాంతమున నున్నది. కిరసనాయిలుకు సాధారణముగా 38 డిగ్రీలకు పైన. జ్వలన ఉష్ణోగ్రత అట్టిది కాదు. మంట గాని రవ్వ గాని లేకయే, కేవలము వేడిమి చేతనే ఆవిరి అంటుకొను ఉష్ణోగ్రత అది. ఒకటి తక్కువైనచో రెండవదియు తక్కువ కావలెనను నియమమేమియు లేదు.

పరీక్షలో ఒక మార్కుకు మించని ఈ తేడా కర్మాగారములో ఎంతటిదో తెలియుటకు, విద్యుత్తుతో వేడిచేయబడు గొట్టములను చూడవలెను. కొన్ని పదార్థములు చల్లబడినచో గొట్టములోనే గడ్డకట్టును. గంధకము సుమారు 115 డిగ్రీల పైన గాని ద్రవముగా నుండదు. రాజస్థానములోని బార్మేరు ప్రాంతపు ముడిచమురులో మైనము అధికము; దానిని గుజరాతు తీరమునకు తెచ్చుటకు 600 కిలోమీటర్లకు మించిన గొట్టము పొడవునా విద్యుత్తుతో వెచ్చగా నుంచుచున్నారు. చమురుశుద్ధి కర్మాగారములలో సామాన్యముగా గొట్టమును అంటి ఒక హీటింగు కేబులు సాగును; దానిపై ఉష్ణబంధకమును కప్పుదురు. చుట్టుపట్ల ఏ కీలు వద్దనైనను మండు వాయువు కారవచ్చును. కేబులులో రవ్వ లేదు, మంట లేదు. ఉన్నది వేడి తలము మాత్రమే. కనుక ఇక్కడ లెక్కకు వచ్చునది ఫ్లాష్ పాయింటు కాదు, అసలైన జ్వలన ఉష్ణోగ్రత. 250 డిగ్రీల తలము హైడ్రోజనును అంటించలేదు, దానికి సుమారు 560 కావలెను. అదే తలము కిరసనాయిలు ఆవిరిని అంటించవచ్చును. పాఠమును నమ్మిన విద్యార్థి దేనికి భయపడునో, దేనిని లెక్కచేయడో ఊహించవచ్చును.

అయితే ఆ అధ్యాయములోనే ఒక చక్కని ప్రయోగమున్నది. దానిని మెచ్చుకొనకుండుట అన్యాయము. కాగితపు దొన్నెలో నీరు పోసి మంటపై నుంచినచో నీరు వేడెక్కును గాని కాగితము కాలదు. వచ్చిన వేడిమిని నీరు లాగుకొనుటయే కారణము. గొట్టము మీది కేబులు కథ సరిగా ఇదియే. కేబులు మీటరునకు 30 వాట్ల వేడిమి నిచ్చుచున్నదనుకొందము; దాని చుట్టుకొలత 3 సెంటీమీటర్లు; గొట్టము 100 డిగ్రీల వద్ద నున్నది. గొట్టమును చక్కగా అంటియున్నచోట, డిగ్రీ తేడాకు చదరపు మీటరు ద్వారా 25 వాట్లు పోవుననుకొన్నచో, కేబులు తలము గొట్టము కంటె 40 డిగ్రీలు అధికముగా, అనగా 140 వద్ద నుండును. వాల్వు వంపు దగ్గర కేబులు పైకి లేచినదనుకొనుడు. అక్కడ 25కు బదులు 10 వాట్లే పోవునన్నచో తేడా 100 డిగ్రీలగును. తలము 200కు చేరును. కేబులు అదే, విద్యుత్తు అదే. ఈథరు ఆవిరి జ్వలన ఉష్ణోగ్రత 160–180 డిగ్రీల మధ్య నున్నది! గొట్టమునకు కట్టిన థర్మోస్టాటునకు ఇదేమియు తెలియదు. అది గొట్టపు వేడిమినే కొలుచును.

అందుకే ఇట్టి పరికరముల తలము ఎంతవరకు వేడెక్కవచ్చునో తరగతులుగా నిర్ణయించినారు: టీ-1కి 450 డిగ్రీలు, టీ-2కు 300, టీ-3కి 200, టీ-4కు 135, టీ-5కు 100, టీ-6కు 85. థర్మోస్టాటుతో సంబంధము లేని మరొక పరిమితి సాధనమును అమర్చుట ఒక పద్ధతి. ఎట్టి విపరీత పరిస్థితిలోను హద్దు దాటని కేబులును ఎన్నుకొనుట మరొకటి. 1970 దశకము నుండి వచ్చిన ‘స్వయంనియంత్రక’ కేబులు ఈ రెండవ దానికి తోడ్పడును. అందులో కర్బనపు పొడి కలిపిన ప్లాస్టిక్కు వేడెక్కి వ్యాకోచించగా కర్బన కణముల మధ్య దారులు తెగి, నిరోధము పెరిగి, విద్యుత్తు తగ్గును. పేరు మాత్రము కొంత అతిశయోక్తియే. అది తగ్గించుకొనునది తన వేడిమిని. గొట్టములో ప్రవహించు ద్రవము వేడిమిపై దానికి అధికారము లేదు.

కేబులు పైతొడుగు తెగి తేమ చేరినచో రవ్వయు పుట్టవచ్చును. అప్పుడు లెక్క తారుమారగును. వేడి తలమునకు లొంగని హైడ్రోజను 0.02 మిల్లీజౌలు రవ్వకే అంటుకొనును. ప్రొపేనుకు సుమారు 0.25 మిల్లీజౌలు కావలెను. లోహపు అల్లిక తొడుగును భూమికి కలిపి, 30 మిల్లీయాంపియర్ల స్రావమునకే విద్యుత్తును తెంచు సాధనమును అమర్చుట ఈ రెండవ శత్రువును ఉద్దేశించియే.

పాఠములో మరొక లోపము కూడ ఉన్నది. జ్వలన ఉష్ణోగ్రతను ద్రవీభవన స్థానము వలె పదార్థము యొక్క స్థిర గుణముగా చూపినారు. ప్రయోగశాలలో దానిని వేడిచేసిన గాజు కుప్పెలో కొలుతురు. పాత్ర పెద్దదైనచో అంకె సామాన్యముగా తగ్గును, ఆరుబయట వేడి తీగ పక్కనైనచో పెరుగును. ఈ మాటను ఎనిమిదవ తరగతిలో చెప్పకపోయిన ఫరవాలేదు. పెట్రోలు, కిరసనాయిలు, వంటగ్యాసులకు రెండేసి అంకెలు గల చిన్న పట్టిక చేర్చుటకు అరపేజీ చాలును. వంటగ్యాసు ఎదుట ఫ్లాష్ పాయింటు గడి దాదాపు అర్థరహితమగును. అది ఇదివరకే వాయువు గదా! అదెందుకని విద్యార్థులనే అడుగవచ్చును.