మేత మానని ధైర్యము

భయపడిన ప్రాణి అరచుననియో పరుగెత్తుననియో మనలో పలువురు తలచుచుందురు. అందుచేతనే క్రొత్తగా కుక్కపిల్లను తెచ్చుకొన్న యింటివారు, అది తీగెల గూటికి ముక్కానించి తోక యాడించుచుండగా లోపలి గినీ పందులు కదలక మెదలక కూర్చుండుట చూచి, అప్పుడే స్నేహము కుదిరినదని సంతోషింతురు. ఆ నిశ్చలత్వమును చూచినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. అది శాంతి గాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమల పచ్చికబయళ్లలో, ఆకాశమునుండి గ్రద్దయు నేలమీదినుండి నక్కయు పొంచియుండు చోట, పొడవైన గడ్డిలో కనబడకుండుటకంటె వేఱు రక్షణ యెఱుగని పూర్వజులనుండి యీ చిన్నిప్రాణికి సంక్రమించిన విద్య అది. వేలయేండ్లుగా ఆ కొండసీమలవారు దీనిని తమ యిండ్లలో పెంచుచు వచ్చినను, మనుష్యుని చేతికి మచ్చికయైన యీ శరీరము ఆ పాఠమును మఱచిపోలేదు.

కావున కుక్కపిల్ల వచ్చిన యింట గినీ పందుల క్షేమమును తెలిసికొనుటకు నేను నమ్ముకొన్న కొలమాన మొక్కటే: అవి మేత మేయుచున్నవా, లేదా? ఇది వాని మనఃస్థితికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. గినీ పంది ప్రేగులు ఎడతెగని గడ్డితో నడచునట్టివి. ఒక పగలో ఒక రాత్రియో అది మేత ముట్టకున్న యెడల ఆ కదలిక మందగించి, కడుపున వాయువు నిండి, ప్రాణాపాయ మేర్పడును. దంతములు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక వానిని అరగదీయుటకును ఎండుగడ్డియే శరణ్యము. పైగా మనవలెనే దాని దేహమును విటమిన్ సి ని స్వయముగా తయారుచేసికొనజాలదు. 1907లో నార్వే దేశమున హోల్స్ట్, ఫ్రోలిక్ అను శాస్త్రజ్ఞులు, ధాన్యము మాత్రమే తిన్న గినీ పందులలో స్కర్వీ వ్యాధి పుట్టుటను గుర్తించుటకు మూల మిదియే. నిత్యము కొంత క్యాప్సికమో కొత్తిమీరయో కడుపున పడనిదే అది నిలువదు. అట్టి ప్రాణి భయముచే మేత మానినదనగా ఇంటిలో వైద్యుని పిలువవలసిన పని పడినదన్నమాట.

మా యింటి గినీ పందులు మా మనుమరాలివి, రెండును ఆడవి. ఇవి జంటగానో గుంపుగానో బ్రతుకవలసిన జాతి. స్విట్జర్లాండు దేశపు 2008 నాటి జంతుసంరక్షణ నిబంధనలు వీనిని ఒంటరిగా పెంచుటను నిషేధించినవి. భయమువేళ ప్రక్కన తోడుండుట వీనికి ఎంత ఊరటయో చూచినవారికే తెలియును. వీథిలో పుట్టిన నాటు కుక్కపిల్ల మా యింటికి రాకమునుపే గూటిని హాలునుండి తలుపున్న గదిలోనికి మార్చితిమి. చోటు మారుటయు కుక్క వచ్చుటయు ఒక్కనాడే జరుగరాదని మా యుద్దేశము. గూటిలో ఎండుగడ్డి దట్టముగా పఱచి, రెండేసి ద్వారములున్న అట్టపెట్టెలను దాగుటకు పెట్టితిమి. ఒకే ద్వారమున్నచో లోపలనున్నది తాను చిక్కుకొంటినని భావించును. గూటిని సగము గుడ్డతో కప్పితిమి. మన వేసవిలో మాత్రము ఈ యేర్పాటునందు ఒక ప్రమాదము గలదు: చెమటపట్టి చల్లబడు శక్తి గినీ పందికి లేదు, గది వేడి 28 డిగ్రీలు దాటినచో దానికి వడదెబ్బ తగులవచ్చును. కుక్కకు వెఱచి తలుపు మూసి, మే నెలలో గాలిలేని గదిలో వీనిని ఉడికించుట కంటె అన్యాయ మేమున్నది? చల్లని గది లేనివారు కుక్కపిల్లను దసరా తరువాత తెచ్చుకొనుట మేలని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

తరువాతి పని ఓర్పుతో కూడినది. మనుష్యుని చెవికి ఇరువదివేల హెర్ట్జ్‌లకు మించిన ధ్వని వినబడదు. గినీ పందికి ఏబదివేల వరకు వినబడును. కావున మొదట తలుపవతలి మొఱుగు మాత్రమే వాని చెవిని పడనిచ్చితిమి. నొక్కినచో కీచుమను రబ్బరు బొమ్మలను ఆ గది దగ్గరనుండి తీసివేసితిమి, ఏలయన అట్టి కీచుధ్వని కుక్కపిల్లకు వేటను నేర్పును, గినీ పందికి ఆపదను తెలుపును. ఆ పిమ్మట కుక్కపిల్ల పండుకొన్న గుడ్డను గూటికి కొంత దూరమున పెట్టి, గడ్డి తరుగుచున్నదో లేదో చూచితిమి. అటుపిమ్మటనే చూపు. ఆటలాడి, కడుపునిండ తిని, నిద్రకు తూగుచున్న వేళ కుక్కపిల్లను పట్టెడ తగిలించి తెచ్చి, గదిలో గూటికి వీలైనంత దూరమున చాపమీద కూర్చుండబెట్టితిమి. అది గూటినుండి చూపు మరల్చి నావైపు చూచినప్పుడెల్ల చిన్న ఉడికించిన కోడిమాంసపు ముక్క. లోపల నమలుట ఆగినచో కుక్కపిల్ల బయటికి. మఱల నమలుట మొదలైనచో అది అక్కడే. దూరమును నిర్ణయించు అధికారము నాది గాదు, కుక్కది గాదు, గడ్డి నమలుచున్న ఆ రెండు నోళ్లది.

ఈ దశయందే మా మనుమరాలికి తొందర కలిగినది. “తాతయ్యా, ఒక్కసారి ఒళ్లో పెట్టుకుని చూపిస్తాను. వాసన చూస్తే భయం పోతుంది కదా!” అనెను. “నువ్వు పట్టుకుంటే అది ఎక్కడికి పోగలదు, తల్లీ?” అంటిని. ఆ బిడ్డ కొంతసేపు యోచించి, ఒడిలోని తువాలును మడిచి ప్రక్కన పెట్టెను. గినీ పందిని చేత పట్టి కుక్క ముక్కునకు చూపుట ఫోటోలలో ముద్దుగా కనబడవచ్చును గాని, దాగుటయే ధైర్యముగా బ్రతుకు ప్రాణికి దాగు చోటును లేకుండ చేయుట అది.

కుక్కపిల్లను నిందింపరాదు. అమెరికాలోని బార్ హార్బరునందు స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథమువలన, కుక్కపిల్ల పుట్టిన మూడవ వారమునుండి పండ్రెండవ వారము వరకు లోకముతో పరిచయము కల్పించుకొను ముఖ్యకాలమని తెలియుచున్నది. ఎనిమిదవ వారమున ఇంటికి వచ్చినది ఈ కాలములోనే యున్నది గనుక, గినీ పందిని చూచి శాంతముగా నుండుట నేర్పుటకు అదియే తగిన అదను. కాని పరుగెత్తు చిన్నప్రాణిని వెంటాడుట దాని రక్తములో నున్నది. టెర్రియర్, డాక్స్‌హుండ్ వంటి జాతులలో మనుష్యులే ఆ గుణమును పెంచి పోషించిరి. నోరు మూసి, దేహము బిగించి, ఱెప్పవాల్చక చూచుచున్న కుక్కపిల్ల నిశ్శబ్దముగా నున్నను ప్రమాదకరమే. ఆవలించుచు, నేల వాసన చూచుచు, ఒడలు సడలించి పండుకొన్నదే నేర్చుకొనుచున్నది. మూలుగుచు వణకుచుండుట ప్రేమ గాదు, వేటయావేశము.

మఱియొక విషయము. బోర్డెటెల్లా అను సూక్ష్మజీవి కుక్కలకు దగ్గు మాత్రమే కలిగించి పోవచ్చును గాని, గినీ పందులకు ప్రాణాంతకమైన న్యుమోనియా కలిగింపగలదు. దగ్గుచున్న కుక్కపిల్లను ఆ గది దరికి రానీయరాదు. దానిని ముట్టిన చేతులు కడుగనిదే గూటిలో చేయి పెట్టరాదు.

ఇప్పుడు కుక్కపిల్ల గది మూలను నిద్రించుచుండగా గినీ పందులు గడ్డి మేయుచున్నవి. ఒకటి అప్పుడప్పుడు ఉల్లాసముతో గాలిలోనికెగిరి దుముకుచున్నది. ఇదే చాలును. వాని నడుమ స్నేహము నే నాశింపలేదు. ఆరేడు నెలలు నిండి యౌవనము వచ్చునప్పటికి కుక్కలో వేటబుద్ధి మఱల మేల్కొనును. అప్పుడు చాప, పట్టెడ, దూరము అన్నియు మొదటినుండి మొదలుపెట్టవలసినదే. గూటిపై తీగెల మూతను, దాని కొక్కెమును మాత్రము కుక్క ఎంత సాధువైనను తీయరాదు. మనుష్యులెవ్వరును లేని గదిలో కుక్కను ఆ రెండు గినీ పందులతో క్షణమైనను విడువరాదు.