మెడ చూసి చెప్పే చేయి

ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత బ్రాండు. సెటప్ చేసే పనివాడు మాత్రం మెడ చూస్తాడు. ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూపు సారించి, వంపు ఎంతుందో పట్టేస్తాడు. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎండాకాలపు పొడిగాలికి చెక్క కుంచించుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. ఆ తేడాకి మెడ కదులుతుంది. మెడ లోపలి లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు తిప్పితే చాలాసార్లు దారికొస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరం, తాకీతాకనట్టు వేలు ఆనించి మీటిన స్వరం ఒకటిగా పలకాలి. నొక్కినది హెచ్చితే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరుపుతాడు. ఎంత ఓపికైన పని!

మెడతో పాటు తీగ పొడవూ చూడాలి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్ పాల్‌లో సుమారు 24.75. ఆ ముప్పాతిక అంగుళం తగ్గితే బిగువూ తగ్గుతుంది, తీగ లాగి గమకం పలికించడం తేలికవుతుంది. వాద్యాన్నే తమకు తగ్గట్టు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు: పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌కి మామూలుగా ఉండే జంట తీగలు మాని, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. చేతికి ఒదిగిన వాద్యమే పలుకుతుంది.

కొత్త గిటార్ కొంటున్నారా? ఆంప్‌కి తగిలించకముందే ప్రతి ఫ్రెట్టూ నొక్కి వాయించి చూడండి. సెటప్‌కి కొంత డబ్బు విడిగా ఉంచుకోండి.