28 రోజుల లెక్క

అండమాన్‌లో ఫెరార్‌గంజ్ వైపు పందులు పెంచేవాళ్లలో సూది వెయ్యడం రానివాళ్లు అరుదు. పిల్లని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చెవి వెనక మెడకండ చూసి, అది కీచుమనేలోగా పని కానిచ్చేస్తారు. తొడలో మాత్రం పొడవరు, మంచి మాంసం పాడవుతుందని. అంత చెయ్యి తిరిగిన పని. నన్నడిగితే చిక్కు అక్కడే ఉంది. సూది వెయ్యడం వచ్చినవాడికి ఎప్పుడు వెయ్యకూడదో చెప్పడం మహా కష్టం.

సోంపేట నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుర్రాడొకడు నాకు వరసకి మేనల్లుడు. నాలుగు ఆడపందులున్నాయి వాడికి. ఒకరోజు పొద్దున్నే వచ్చి, "మావా, పిల్లలకి తెల్ల పారుడట్టుకుంది. ఇంట్లో టెట్రాసైక్లిన్ సీసా ఉంది. ఏసెయ్యనా?" అన్నాడు.

"జొరం సూసినావేట్రా?"

"సెయ్యెట్టి సూసినాను. కాల్తన్నాది."

కాలక ఏం చేస్తుంది! మన ఒళ్లు 98 డిగ్రీలైతే, పందికి 102 దాకా ఉండటం మామూలే. మన చేతికి ఆరోగ్యంగా ఉన్న పంది కూడా వెచ్చగానే తగులుతుంది. చేతిని నమ్మితే దొడ్డిలో ఉన్నవాటన్నిటికీ జ్వరమే, అన్నిటికీ సూదే. దారం కట్టిన థర్మామీటరు తోక కింద పెట్టి రెండు నిమిషాలు ఆగమన్నాను. ఒక్కదానికీ జ్వరం లేదు. చెవులెత్తి వెలుతురుకి పెట్టి చూస్తే తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తల్లి పాలల్లో ఇనుము చాలదు. ఆరుబయట మన్ను కెలికే పిల్లలకి ఆ మట్టిలోంచే కొంత దొరుకుతుంది. వీడేమో కొత్తగా సిమెంటు గచ్చు వేయించాడు. పుట్టిన మూడో రోజు ఇవ్వాల్సిన ఇనుము సూది ఇవ్వలేదు. రక్తం చాలని పిల్లకి పారుడు తొందరగా పట్టుకుంటుంది. గచ్చు కడిగి ఆరబెట్టమని, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించమని, ఇనుము సూది గురించి పశువుల డాక్టరు గారిని అడగమని పంపించాను. ఆ టెట్రాసైక్లిన్ సీసా మూత తీసే అవసరమే రాలేదు.

ఒక్క పందికి అనవసరంగా యాంటీబయాటిక్ సూది వేస్తే మునిగిపోయేదేముంది అంటారు. 2015లో చైనా శాస్త్రవేత్తలు పందుల్లో ఒక జన్యువుని పట్టుకున్నారు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని పనిచెయ్యనివ్వదది. పైగా ఒక సూక్ష్మజీవి నుంచి ఇంకోదానికి తేలిగ్గా పాకేస్తుంది. ఆసుపత్రిలో ఇంక ఏ మందూ పనిచెయ్యని రోగికి చిట్టచివర ఇచ్చేది ఆ కొలిస్టిన్‌నే. ఫారాల్లో దాన్ని ఎదుగుదల కోసం దాణాలో కలిపి పెట్టేవారు. మనుషులు తినే జంతువులకి వాడకూడదని మన ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. అయినా, మందు పేరు మారినా దాణాలో పొడి కలిపే అలవాటు అంత తొందరగా పోలేదు.

మరి నిజంగా వెంటపడి తెచ్చుకోవాల్సింది స్వైన్ ఫీవర్ టీకా. అదేమో దీవుల్లో అంత సులువుగా దొరకదు. స్వైన్ ఫీవర్ వైరస్ జబ్బు, దానిమీద యాంటీబయాటిక్ ఆటలు సాగవు. పాత టీకాని కుందేళ్లలో పెంచేవారు. ఒక కుందేలు నుంచి వచ్చేవి 50 డోసులు, దేశానికి కావలసినవి రెండు కోట్లు. ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ కుందేళ్లతో పనిలేకుండా కణాల్లో పెంచే టీకాని తయారుచేస్తే 2020లో విడుదల చేశారు. డోసు రెండు రూపాయల లోపే పడుతుందని అప్పుడు చెప్పారు.

ధర తగ్గితే సరిపోదు. సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ చేరాలి (2024 నుంచి కాగితాల్లో శ్రీ విజయపురం, మా నోళ్లలో ఇంకా పోర్ట్ బ్లెయిరే). అక్కణ్ణించి ట్రంక్ రోడ్డు మీద ఇక్కడికి రావాలి. దారి పొడుగునా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. సీసాలో ఉన్నది ఎండిన పొడి. దాంతో ఇచ్చిన నీళ్లు కలిపాక ఐసు మీదే పెట్టుకుని గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. మిగిలింది పారబొయ్యాలి, రేపటికి దాచకూడదు. సూదిని స్పిరిట్‌తో తుడవనే కూడదు. ఆ స్పిరిట్ టీకాలోని బతికున్న వైరస్‌ని చంపేస్తుంది. శుభ్రం కోసం తుడిచినవాళ్లే పాపం ఉత్త నీళ్లు ఎక్కించి ఇంటికెళతారు.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇంకోటి. మన దేశంలో 2020లో అస్సాం, అరుణాచల్‌లలో తొలిసారి బయటపడింది. ఇక్కడ పందులకి వేయించడానికి దానికి టీకా లేదు, మందూ లేదు. జ్వరం, చెవుల మీదా పొట్ట మీదా ఊదారంగు మచ్చలు, గుంపుగా ఒకదానిమీద ఒకటి పడుకోవడం రెండు జబ్బుల్లోనూ ఒకేలా ఉంటాయి. ఏదో తేల్చాల్సింది ల్యాబే. ఈ రోగం మాంసం ముక్కల్లో ప్రయాణం చేస్తుంది. హోటళ్ల నుంచి డబ్బాల్లో తెచ్చే ఎంగిలిని అరగంటకి తగ్గకుండా కుతకుతలాడించాకే పందులకి పెట్టాలి. కట్టెలకి ఖర్చవుతుందని దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో ఫారంలో అన్నిటికన్నా చవకైన మందు ఆ కట్టెల పొయ్యే.

ఊరి పందికి ఏ రోగమూ రాదని ఇంకో ధీమా. అండమానీ పందికి ఈమధ్యే జాతి గుర్తింపు వచ్చింది, మన మాచర్ల గొర్రెతో పాటే. మొండి జాతే, ఒప్పుకుంటాను. స్వైన్ ఫీవర్ వైరస్‌కి మాత్రం జాతి సర్టిఫికెట్‌తో పనిలేదు.

చివరిగా లెక్క. సూది వేశాక ఆ మందు మాంసంలోంచి పోవడానికి గడువుంటుంది. సీసా మీద రాసి ఉంటే అదే లెక్క. రాసి లేకపోతే మాంసానికి 28 రోజులకి తగ్గకూడదని 2012లో ఔషధ నిబంధనల్లో చేర్చారు. ఇది గుర్తుండాలంటే తారీఖు, పంది గుర్తు, మందు పేరు ఒక నోట్‌బుక్కులో రాయాలి. మేనల్లుడి దొడ్డిలో ఇప్పుడు మేకుకి ఒకటి వేలాడుతోంది. అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, తారీఖులు మాత్రం సరిగ్గా ఉంటాయి.

రాంచీ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ల ఇళ్లలోనూ నికోబారీల ఇళ్లలోనూ క్రిస్మస్‌కి పంది మాంసం ఉండాల్సిందే. డిసెంబరు 25న కోసేదానికి గడువు రాయని మందు వెయ్యాలంటే నవంబరు 27 ఆఖరు తారీఖు. ఆ తర్వాత జబ్బు చేస్తే వైద్యం ఆపకండి, డాక్టరు వెయ్యమన్న మందు వెయ్యండి. ఆ పందిని మాత్రం జనవరిలో అమ్ముకోండి.