చిన్న దూరదర్శినితో ఆకాశ దర్శనము: ఒక గ్రంథ విమర్శ

పాఠశాలకు దూరదర్శిని వచ్చిన మొదటి రాత్రి తరచుగా ఇట్లు గడచును. పెట్టెపై అచ్చువేసిన శనిగ్రహము చేటంత ఉండును. కంటికి కనిపించునది ఆవగింజంత. ఓరియన్ నీహారిక పెట్టెపై ఎరుపు, నీలము కలసి మెరయును. దూరదర్శినిలో అది బూడిదవన్నె పొగ. వరుసలో నిలిచిన పిల్లలలో సగము మంది “ఏమీ కనబడలేదండీ” అందురు. వారము తిరుగక మునుపే పరికరము బీరువా చేరును. ఏమి కనిపించునో ముందుగా వారికి నిజము చెప్పినవారు ఉండరు.

ఆ నిజము చెప్పు గ్రంథ మొకటి ఆంగ్లమున కలదు. దాని పేరు ‘టర్న్ లెఫ్ట్ ఎట్ ఓరియన్’, అనగా ఓరియన్ వద్ద ఎడమకు తిరుగుమని. బాటసారికి దారి చెప్పినట్లు ఆకాశమున దారి చెప్పుట దీని పద్ధతి. గై కన్సోల్మాగ్నో, డాన్ డేవిస్ అను ఇరువురు దీని రచయితలు. మొదటివారు గ్రహశాస్త్రజ్ఞులు, 2015లో వాటికన్ వేధశాలకు డైరెక్టరైనవారు. రెండవవారు భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము 1989లో దీనిని ప్రకటించినది. తరువాత పలుమార్లు సంస్కరింపబడి, పెరిగి వెలువడినది.

గ్రంథమునకు ప్రాణము దానిలోని బొమ్మలు. ప్రతి వస్తువునకు మొదట కంటితో ఎటు చూడవలెనో, పిదప దూరదర్శినికి అమర్చిన వెదకు గొట్టములో ఏ చుక్కలు కనిపించునో, చివరకు అక్షికటకములో ఏమి కనిపించునో వరుసగా చూపినారు. ఈ చివరి బొమ్మ ఛాయాచిత్రము కాదు, కన్ను చూచిన దానిని చేతితో గీసినది. ఈ భేదము ఉపాధ్యాయుడు తరగతిలో తప్పక వివరింపదగినది. కెమెరా నిమిషముల తరబడి వెలుతురును కూడబెట్టుకొనును. కంటికి ఆ శక్తి లేదు. పైగా మసక వెలుతురులో పనిచేయు కంటిలోని కణములకు రంగుల భేదము తెలియదు. కనుక నీహారిక బూడిదవన్నెగా కనిపించుట దూరదర్శిని లోపము కాదని విద్యార్థికి ముందే తెలిసియుండును. అప్పుడతడు ఆ పొగ నడుమ నాలుగు చిన్న చుక్కలను వెదకును. అవి దొరికినపుడు సంతోషించును.

పరికరమును ఎంచుకొనుటలో గ్రంథకర్తల అభిప్రాయము సరియైనదే: చూడవలసినది ఆవర్ధనము గాదు, కటకము లేక దర్పణము యొక్క వ్యాసము. ఇచ్చట మన అంగడులలోని పెట్టెలపై లెక్కను ఒకసారి పరీక్షింపవచ్చును. 60 మిల్లీమీటర్ల వ్యాసము, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల దూరదర్శినికి 4 మిల్లీమీటర్ల అక్షికటకమును, మూడు రెట్ల బార్లో కటకమును జతచేసి, పెట్టెపై ‘525 రెట్లు’ అని అచ్చువేయుదురు. గణితము తప్పు కాదు: 700ను 4చే భాగించి 3చే హెచ్చించిన 525 వచ్చును. కాని మిల్లీమీటరునకు రెండు రెట్లకు మించిన ఆవర్ధనము వలన క్రొత్త వివర మేదియు కనిపించదు. ఆ పరికరమునకు హద్దు 120. అటుపైన బొమ్మ పెద్దదగును, మసక కూడ పెద్దదగును. దానికి తోడు సన్నని ముక్కాలిపీట గాలికి వణకుచుండును. గెలీలియో 1610లో గురుగ్రహపు నాలుగు చంద్రులను కనుగొన్నది సుమారు 20 రెట్లు చూపు గొట్టముతోనే!

వ్యాసము సంగతి వేరు. గ్రహించు వెలుతురు వ్యాసము యొక్క వర్గమును బట్టి పెరుగును. 150 మిల్లీమీటర్ల దర్పణము 60 మిల్లీమీటర్ల కటకముకంటె 6.25 రెట్లు వెలుతురును గ్రహించును. అంత పెద్ద దర్పణమును సామాన్యునకు అందుబాటులోనికి తెచ్చిన ఘనత జాన్ డాబ్సన్‌ది (1915–2014). ఈయన శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సంఘమున సన్న్యాసిగా ఉండగా ఓడ కిటికీ అద్దములను అరగదీసి దర్పణములు చేసెను. అట్ట గొట్టము, చెక్కపెట్టె వాటికి ఆధారములు. 1967లో మఠము విడిచిన పిమ్మట వీథుల ప్రక్కన దూరదర్శిని నిలిపి, పోవు వారిని పిలిచి చంద్రుని చూపెను. ఆయన పేరిట నిలిచిన ఆ పెట్టె అమరికను గ్రంథము తరువాతి ముద్రణలలో చేర్చుకొని, చిన్న గొట్టములో ఒక బొమ్మ, డాబ్సన్ పరికరములో ఒక బొమ్మ పక్కపక్కన ఇచ్చినది. మొదటి దానిలో కుడియెడమలు తారుమారగును. రెండవ దానిలో దృశ్యము తలక్రిందులగును. తన పరికరము ఏ తెగదో తెలియని ఉపాధ్యాయునకు ఈ బొమ్మలే చిక్కు తెచ్చిపెట్టును.

ఇక గ్రంథము మనకు సరిపడని చోట్లు. ఇది అమెరికా, ఐరోపాల ఆకాశమును మనస్సున ఉంచుకొని వ్రాసినది. హైదరాబాదు అక్షాంశము సుమారు 17 డిగ్రీలు. అక్కడివారికి దక్షిణమున నడిమి ఎత్తున నిలుచు ఓరియన్ మనకు 73 డిగ్రీల ఎత్తున, ఇంచుమించు నడినెత్తిన వచ్చును. నడినెత్తిన ఎడమ ఏది, కుడి ఏది? తూర్పున ఉదయించునపుడైతే అది ప్రక్కకు ఒరిగి పడుకొనియుండును. పటములో ఎడమ యన్నది మనకు దాదాపు క్రిందగును. ఇట్లు గ్రంథము పేరే మన పెరటిలో సందిగ్ధమైనది. డాబ్సన్ పెట్టెకు నడినెత్తి మరియు కష్టము. చుక్కను కొద్దిగా జరుపుటకు పీటను ఎంతో త్రిప్పవలెను. ఆ వస్తువు నెత్తికి వచ్చుటకు రెండు గంటల ముందో, దాటిన రెండు గంటలకో చూచుట మేలు.

ఋతువుల విభజన కూడ అట్టిదే. వారి వేసవి రాత్రులు మనకు వానకాలపు మబ్బులు. వేసవి భాగములో చెప్పిన హంసమండలమును మనము అక్టోబరు సాయంకాలములకు మార్చుకొనవలెను. అయితే మనకు లాభము కూడ కలదు. జ్యేష్ఠా నక్షత్రము వారికి దిగంతమును అంటియుండగా మనకు 46 డిగ్రీల వరకు ఎక్కును. దక్షిణార్ధ గోళమునకని వేరుగా ఇచ్చిన భాగమును మన పాఠకుడు ఆస్ట్రేలియావారిదని దాటవేయును, అది పొరపాటు. ఒమేగా సెంటారై అను గొప్ప నక్షత్ర గుచ్ఛము మే మాసమున రాత్రి 10 గంటల ప్రాంతమున మన దక్షిణాకాశమున 25 డిగ్రీల ఎత్తున నిలుచును. సెలవులకు ఊరికి పోయిన విద్యార్థి డాబా మీద నుండి దానిని చూడగలడు. ఈ అక్షాంశమున ఇంటి వేధశాల క్రొత్త కాదు. విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావు 1840లోనే తన ఇంటి ఆవరణమున ఒకటి నెలకొల్పెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబముపై శుక్రగమనమును పరిశీలించెను.

పేర్ల విషయమున ఉపాధ్యాయుడే కొంత పని చేయవలెను. ఆల్డెబరాన్ మన రోహిణి, బీటెల్‌జూస్ ఆరుద్ర, అంటారెస్ జ్యేష్ఠ. ప్లెయడిస్ అనునవి కృత్తికలు, పల్లెలలో పిల్లలకోడి. పంచాంగము వలన ఈ పేర్లు పిల్లలకు ముందే తెలియును, చుక్కలే తెలియవు. పటముల అంచున ఈ పేర్లు పెన్సిలుతో వ్రాసికొనిన గ్రంథము సగము తెలుగైనట్లే.

ఒక హెచ్చరిక: సూర్యుని వైపు దూరదర్శిని త్రిప్పరాదు. అక్షికటకమునకు బిగించు చిన్న నల్లని అద్దములు వేడికి పగులును. పగిలిన క్షణమున కన్ను పోవును. అట్టి అద్దము పెట్టెలో వచ్చినచో పారవేయవలెను.

మొదటి రాత్రికి గ్రంథములోని నీహారికలను విడిచి హంస ముక్కున ఉన్న అల్బిరియోతో ప్రారంభించుట యుక్తము. 60 మిల్లీమీటర్ల గొట్టము, 30 రెట్ల ఆవర్ధనము చాలును. కంటికి ఒకటిగా తోచు చుక్క రెండుగా విడిపోవును. ఒకటి పసుపు, ఒకటి నీలము. రెండింటి నడుమ దూరము సుమారు 35 వికలలు గనుక వరుసలో చివరనున్న పిల్లవానికి సైతము అది తప్పక కనబడును.