పాలిస్తున్న పరుగు: ఒక ఫోటోని చదవడం

ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ సాగే యూటీఎంబీ పరుగు దాదాపు 170 కిలోమీటర్లు. 2018లో ఆ దారిలో, ఇటలీలోని కుర్మాయోర్ మజిలీ దగ్గర అలెక్సిస్ బెర్గ్ తీసిన ఫోటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. బ్రిటన్‌కి చెందిన సోఫీ పవర్ మూడు నెలల కొడుక్కి పాలిస్తూ, రెండో రొమ్ము నుంచి పంపుతో పాలు తీస్తోంది. పక్కనే ఒక మగ రన్నర్ అలసి పడుకుని ఉన్నాడు.

మెచ్చుకున్నవాళ్లకి ఈ ఫోటోలో ఇంటినీ పరుగునీ సమన్వయం చేసుకున్న ఆదర్శమాత కనిపించింది. తిట్టినవాళ్లకి పసివాణ్ణి వదిలి పరుగెత్తే తల్లి కనిపించింది. ఇద్దరూ ఆమె శరీరాన్నే చూశారు. ఆ శరీరాన్ని అక్కడికి తెచ్చిన నిబంధన వాళ్ల కంటికి ఆనలేదు. అప్పట్లో గాయపడినవాళ్లు తమ అవకాశాన్ని మరుసటేడాదికి వాయిదా వేసుకోగలిగేవాళ్లు. గర్భవతికి ఆ వీలు ఉండేది కాదు. గర్భం ఆమె ఇష్టపూర్వకంగా ఎంచుకున్నదట! 2014లో గర్భవతిగా ఉన్నప్పుడు సోఫీ ఈ కారణంగానే చోటు పోగొట్టుకుంది. మళ్లీ పోగొట్టుకోలేక పచ్చి బాలింతగా కొండలెక్కింది. 16 గంటలు నడిచీ పరుగెత్తీ వస్తే గానీ బిడ్డని రొమ్ముకి చేర్చుకోవడం కుదరలేదు. దీన్ని సమన్వయం అని మురిసిపోదామా?

2019 జనవరిలో ఇంగ్లండ్‌లో మొదలై స్కాట్లండ్‌లో ముగిసే 431 కిలోమీటర్ల స్పైన్ రేస్‌ని జాస్మిన్ పారిస్ 83 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేసి మగవాళ్లందరికంటే ముందు నిలిచింది. పాత రికార్డుని 12 గంటల తేడాతో దాటేసింది. పశువైద్యురాలైన ఆమె అప్పుడు పిహెచ్.డి. థీసిస్ రాసుకుంటోంది. మజిలీల దగ్గర తన పాపకోసం పాలు తీసింది. వార్తల్లో ఆ పాలకి రికార్డుతో సమానమైన చోటు దక్కింది. గెలిచిన మగవాణ్ణి మాత్రం ఇల్లూ పిల్లలూ ఎలా సర్దుకున్నావని ఎంతమంది అడుగుతారు? తెల్లవారుజామున అతను సాధనకి వెళితే పిల్లల్ని లేపి, వండిపెట్టి, బడికి పంపే చేతులు ఏ ఫోటోలోనూ పడవు. అంట్లు తోమాక మిగిలిన గంటలో కథ రాసుకునే మనకి ఈ లెక్క కొత్తది కాదు. అతని సమయం అతనిది. ఆమె సమయం అందరికీ పంచగా మిగిలినది.

బిడ్డని ఎత్తుకునే మరో మనిషీ, జీతంతో కూడిన సెలవూ లేని స్త్రీ ఈ పరుగు మొదలయ్యే చోటుకి కూడా రాలేదు. వీరమాతల కథలు ఆమెకి ఇచ్చేది మరింత అపరాధభావమే.

సోఫీ పొగడ్తలతో సరిపెట్టుకోలేదు. పరుగుల్లో స్త్రీలకి న్యాయమైన నిబంధనలు కావాలని 2022లో షీరేసెస్ సంస్థని పెట్టింది. యూటీఎంబీ కూడా ఆ ఫోటో తర్వాతి సంవత్సరాల్లో గర్భవతులకి వాయిదా సౌకర్యం కల్పించింది. ఆమె ఓర్పుకి చప్పట్లు కొట్టి ఊరుకుని ఉంటే, ఇంకో బాలింత అదే కొండ ఎక్కాల్సి వచ్చేది.