కొలతల పుస్తకంలో బద్వేలు వీధి

పురపాలక బడ్జెట్‌లో ‘రోడ్ల మరమ్మతులు’ అని ఒక వరుస ఉంటుంది, దాని ఎదురుగా ఒక అంకె. ఆ అంకె మీద కౌన్సిల్లో వాదనలు జరుగుతాయి. దాని కిందున్న ఎస్టిమేట్ కాగితాల జోలికి మాత్రం పెద్దగా ఎవరూ పోరు. అవి చదవదగినవి. బాగా రాసిన మరమ్మతు ఎస్టిమేట్‌లో మంచి మేస్త్రీ కట్టిన గోడలో ఉండే పనితనమే ఉంటుంది.

కడప జిల్లా బద్వేలులో ఒక సందు తీసుకుందాం. పొడవు 100 మీటర్లు, వెడల్పు 4, కాంక్రీటు మందం 15 సెంటీమీటర్లు. అంటే 60 ఘనపు మీటర్లు. ఈ హెచ్చవేత ఎవరైనా చేస్తారు. నేర్పంతా వాలు దగ్గర మొదలవుతుంది. నడిమి నుంచి అంచుకు రెండు శాతం వాలు ఇస్తే, రెండు మీటర్ల దూరంలో రోడ్డు నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. ఆ నాలుగు సెంటీమీటర్లే వాననీటిని కాలువలోకి పంపుతాయి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే రోడ్డు లేస్తుంది, ఇళ్ల గడపలు కిందికి పోతాయి, నీళ్లు వసారాలోకి వస్తాయి. అందుకే పని తెలిసిన ఇంజనీరు ముందు గడపల మట్టాలు రాసుకుంటాడు. పాత కాంక్రీటు పగలగొట్టి ఎత్తివేయడానికి వేరే పద్దు పెడతాడు. ఖర్చు పెరుగుతుంది, పెరగాల్సిందే.

తర్వాత కాలువ. మన జిల్లాలో కాలువల మీద కడప బండలు పరచడం పాత అలవాటు. రోడ్డు వేసేటప్పుడు ఆ బండలు జాగ్రత్తగా లేపడం, పూడిక తీయడం, తిరిగి పరచడం మూడు వేర్వేరు పనులు. తొందరలో రాసిన ఎస్టిమేట్‌లో ఇవి ఉండవు. అప్పుడు బండలు పగులుతాయి, పూడిక అలాగే మిగులుతుంది, కాంట్రాక్టరుకు డబ్బు రాని పని కాబట్టి అతన్ని అడగడానికీ వీలుండదు.

ఇక ‘లీడ్’. ధరలు ప్రభుత్వం ప్రకటించే ప్రామాణిక పట్టికలో ఉంటాయి. కానీ కంకర ఏ క్వారీ నుంచి రావాలి, ఇసుక ఎంత దూరం నుంచి రావాలి అన్నది ఊరూరికీ మారుతుంది. ఆ దూరాల పట్టికే లీడ్ స్టేట్‌మెంట్. క్వారీకి ఏ దారిన పోతే దగ్గరో తెలిసినవాడు రాస్తేనే అది సరిగా ఉంటుంది.

నీళ్ల ఖర్చు కూడా మరవకూడదు. కడప ఎండలో మధ్యాహ్నం పోసిన కాంక్రీటు సాయంత్రానికే పైన సన్నటి పగుళ్లు తేలుతుంది. మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి, లేదా తడి గోనెసంచులు కప్పాలి. కనీసం రెండు వారాలు. ఈశాన్య రుతుపవనాల వానలు వెనకపట్టాక, ఎండలు ముదరకముందు, జనవరి ఫిబ్రవరుల్లో పోస్తే ఆ నీళ్లు సగం శ్రమతో నిలుస్తాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది కాబట్టి నిధుల లెక్కా అప్పటికే తేలుతూ ఉంటుంది. అనుమతులు, టెండర్లు ముందే ముగించుకుంటే వాతావరణం, నిధులు రెండూ ఒకేసారి కలిసి వస్తాయి.

పని జరిగాక వచ్చేది ఎంబీ, కొలతల పుస్తకం. పేజీలకు వరుస నంబర్లుంటాయి. ఒక్క కాగితం చించకూడదు, చెరపకూడదు. తప్పు పడితే గీత కొట్టి సంతకం చేయాలి. సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం అన్నవి నిలువు గడులు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) రాసిన కొలతను పైఅధికారి మళ్లీ టేపు పట్టి సరిచూడాలి. ఈ పుస్తకం మీద నాకు అపారమైన గౌరవం. బిల్లు దీన్నుంచే పుడుతుంది.

ఇలా కొలతలు రాసిపెట్టడం ఈ నేలకు కొత్త కాదు. బద్వేలుకు ఉత్తరాన, ఒకప్పటి బద్వేలు తాలూకాలోనే, పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన ఆ చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. దాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినవారు వి.ఎస్. సుక్తంకర్, తర్వాతి కాలంలో మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకులైన పండితుడే. కట్ట పొడవు ఆనాటి కొలమానంలో 5000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7 అని శాసనం చెబుతుంది. ఎంబీలోని గడులే ఇవి. రోజుకు 1000 మంది కూలీలు, రాళ్లు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ల పని. ఆ 100 బండ్ల మాటే ఆనాటి లీడ్ స్టేట్‌మెంట్. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా శాసనం లెక్కపెట్టింది. ఆ దోషాల్లో ఒకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

వీధులకూ ఆ దోషం ఉంది. నెల్లూరు వైపు నుంచి బద్వేలు మీదుగా మైదుకూరుకు పోయే దారి 67వ నంబరు జాతీయ రహదారి. కొన్ని దారులు రోడ్లు భవనాల శాఖవి. మిగిలిన వీధులు, సందులు పురపాలక సంఘానివి. ఇద్దరి దారులు కలిసే మూల దగ్గర గుంత పడితే ఎవరి పద్దులో రాయాలన్నది తేలేలోగా గుంత పెద్దదవుతుంది. హద్దును గీసి చూపించే పటం ఎస్టిమేట్‌కు జతచేసిన ఇంజనీరు సగం తగాదా తీర్చినట్టే.

డబ్బు సంగతికొస్తే, 2011 లెక్కల్లోనే బద్వేలు జనాభా 70 వేలు దాటింది. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, నీటికి కట్టుబడినవి. వీధుల కోసం చూసుకోగలిగింది మిగతా 40 శాతం వైపే, అందులోనూ ఇతర అవసరాలు పోటీ పడ్డాయి. కాబట్టి రోజువారీ మరమ్మతులకు నిజమైన ఆధారం ఆస్తిపన్నే. ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే ఐదు శాతం రాయితీ ఉంది. అలా ముందుగా వచ్చిన డబ్బు వేసవిలోనే కాలువల పూడికకు, గుంతలకు పనికొస్తుంది.

గుంత పూడ్చడం చిన్న పని అనుకుంటారు. తారు రోడ్డులో గుంతను ముందు నలుపలకలుగా, అంచులు నిలువుగా కోయాలి. వదులు కంకర, దుమ్ము ఊడ్చాలి. పలచగా తారు పూయాలి. మిశ్రమాన్ని పొరలుగా నింపి దిమ్మిస కొట్టాలి. ఒక పారెడు మిశ్రమం పడేసి చదును చేస్తే మొదటి వానకే లేచిపోతుంది. కోత, ఊడ్పు, పూత, దిమ్మిస అన్నీ విడివిడిగా ఎస్టిమేట్‌లో కనబడితేనే మేస్త్రీ వాటిని చేస్తాడు, ఏఈ వాటిని కొలుస్తాడు. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్ సెక్రటరీలు ఉన్నారు, సాంకేతిక చదువు చదివినవాళ్లు. గుంత చిన్నదిగా ఉన్నప్పుడే చూసి రాసి పంపగలిగేది వాళ్లే.

రాయలసీమలో ఒకప్పుడు దశబంధం ఇనాములుండేవి. చెరువో బావో తవ్వించి, దాన్ని బాగు చూసుకునేవారికి భూమినో శిస్తులో భాగాన్నో విడిచిపెట్టేవారు. మరమ్మతు డబ్బు ఏటా ఎవరినీ అడగనక్కర్లేకుండా ఆ ఏర్పాటులోనే ఉండేది. పురపాలక సంఘం కూడా ఆస్తిపన్నులో ఒక వాటాను ఏప్రిల్లోనే అతుకులకు, పూడికకు విడిగా తీసిపెట్టి, కొత్త రోడ్ల లెక్క ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ఆ వాటా ఎంతన్నది వార్డుల నుంచి వచ్చిన ఎస్టిమేట్లు కూడితే తేలుతుంది.